శ్రీశైలం దారిలో తీపి మక్క: రెండు గుంటల లెక్క

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే రహదారి ఆమనగల్లు, వెల్దండ దాటిన తరువాత డిండి వైపు సాగుతుంది. పాత మహబూబ్‌నగర్ జిల్లా ముగిసి పాత నల్లగొండ జిల్లా ఆరంభమయ్యే ప్రాంతమిది. దారికి ఇరువైపులా ఎర్ర చెల్క, అక్కడక్కడ దుబ్బ నేల, మధ్యలో గుండ్ల గుట్టలు. సాలుకు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వర్షం కురిసే ఈ మెట్టలో పత్తి, కంది, ఆముదం, జొన్న, మక్క పంటలు రైతులకు తరతరాల పరిచయం. శని, ఆదివారాలలో ఈ దారి వెంట చెట్ల నీడన పొయ్యి పెట్టుకొని మక్క బుట్టలు కాల్చి, ఉడికించి అమ్మే స్త్రీలు కనిపిస్తారు. వారిలో ఒకరు నా మరదలు, అనగా మా తమ్ముని భార్య. ఈ వ్యాసంలో సగం ఆమె వద్ద నేర్చుకొన్నది. మిగిలిన సగం పుస్తకాలలో ఉన్నదే. అయితే పుస్తకాలలో ఉన్నదానిని ముప్పయ్యేళ్ళుగా తరగతి గదిలో బోధించిన నేను మా ఇంటి పొలానికి మాత్రం సరిగా చెప్పలేకపోయాను. ఆ సంగతి దాచితే వ్యాసానికి అర్థముండదు.

మా తమ్మునికి మూడున్నర ఎకరాల చెల్క, ఒక బోరు ఉన్నవి. వానాకాలంలో బోరు రెండంగుళాల నీరు పోస్తుంది, ఏప్రిల్ వచ్చేసరికి అంగుళమే గగనం. 2015 కరవులో పత్తి కాయ దశలోనే ఎండిపోయింది. ఊరిలో సగం ఇళ్ళకు తాళాలు పడినవి. పాలమూరు వలస గురించి ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనవసరం లేదు. తమ్ముడు కూడా నగరంలో కాపలా పని చూసుకొనే ఆలోచనలో ఉండి, పోయే ముందు ఒకసారి అడిగినాడు: “అన్నా, ఎకరం తడికి సరిపోయి మూడు నెలల్ల పైసలు కనవడే పంట ఏదన్న ఉంటె చెప్పు. లేకుంటె నేను గూడ పోత.” తీపి మక్క వేయమని చెప్పినాను. పంట ఎంపిక సరైనదే. వేయమని చెప్పిన తీరు మాత్రం సరైనది కాదు.

ఆ మరుసటి వానాకాలం, జులై రెండో వారంలో, ఎకరమంతా ఒకే రోజున విత్తించినాను. ప్రైవేటు సంకరం, మంచి మొలక, 60×25 సెంటీమీటర్ల ఎడం, మూడు దఫాల నత్రజని. పంట చూడముచ్చటగా వచ్చింది. సెప్టెంబరు చివరి వారంలో కంకులన్నీ కలిసి పాలదశకు వచ్చినవి. ఎకరానికి 26 వేల పైచిలుకు మొక్కలు, వాటిలో అమ్మకానికి పనికివచ్చే కంకులు 18 వేలనుకొన్నా, అవన్నీ వారం రోజులలో కోసి అమ్మాలి. మూడు రాత్రులు ట్రాలీ ఆటోలలో నగరపు మార్కెట్టుకు తోలినాము. మొదటి రోజు వచ్చిన ధరలో సగమే మూడో రోజు వచ్చింది. నాలుగో రోజు కిరాయి కూడా రాదని తెలిసి తోలడం మానుకొన్నాము. చేనులో మిగిలిన కంకులు వారం తిరిగేసరికి ముదిరి, గింజ నొక్కుకుపోయి ఎవరికీ పనికిరాకుండా పోయినవి.

ఇదే సాధారణ మక్క అయితే ఎండబెట్టి, నూర్చి, బస్తాలకెత్తి ధర కొరకు ఆగవచ్చు. 2024-25లో మక్కకు క్వింటాలుకు రూ. 2,225 మద్దతు ధర ఉన్నది, ధర పడిపోయిననాడు కొనుగోలు కేంద్రం తెరవమని అడిగే హక్కయినా రైతుకుంటుంది. తీపి మక్కకు మద్దతు ధర లేదు, నిల్వ లేదు, ఎండిన గింజకు బరువూ లేదు. వృక్షశాస్త్రం రెండింటినీ ఒకే జాతిలో చేర్చినా, రైతు లెక్కలో తీపి మక్క ధాన్యం కాదు, కూరగాయ. ధాన్యం పండించే పద్ధతిలో కూరగాయను పండించమని నేను సలహా ఇచ్చినాను.

చూరుకు వేలాడిన కంకి

ఆ సంవత్సరమే మరొక సమస్య కూడా ఎదురయింది. రోడ్డు మీద అమ్మిన కొన్ని కంకులు తియ్యగా లేవని కొనుగోలుదారులు తిరిగి వచ్చినారు. “బావగారూ, పడమటి దిక్కు సాళ్ళల్ల బుట్టలే చప్పగ ఉంటున్నయి, తూర్పు దిక్కువి మంచిగున్నయి” అని మరదలు చెప్పినప్పుడు నేను నేల సారం, నీటి ఎద్దడి, పొటాష్ లోపం అంటూ ఏవేవో కారణాలు చెప్పినాను. ఆమె వాదించలేదు. పడమటి సాళ్ళలోని ఒక కంకిని చూరుకు కట్టి ఎండబెట్టింది. నెల తరువాత వెళ్ళినప్పుడు దానిని తీసి నా చేతిలో పెట్టింది. ముడతలు పడిన పలుచని గింజల నడుమ నిండుగా, గుండ్రంగా, నారింజ రంగులో మెరిసే గింజలు చెదురుగా ఉన్నవి. ఎంఎస్సీ విద్యార్థులకు ప్రతి సంవత్సరం బొమ్మ గీసి చూపే పాఠం నా ఇంటి చూరుకు వేలాడుతూ ఉంటే నేను పొటాష్ గురించి మాట్లాడినాను.

విద్యార్థి మిత్రుల కొరకు ఆ పాఠాన్ని క్లుప్తంగా చెబుతాను. నేడు మార్కెట్టులో ఉన్న తీపి మక్క సంకరాలలో ఎక్కువ భాగం ‘ష్రంకెన్-2’ జన్యువు గలవి. గింజలో చక్కెర పిండి పదార్థంగా మారే మార్గంలో ఏడీపీ గ్లూకోజ్ పైరోఫాస్ఫొరిలేజ్ అనే ఎంజైము కీలకం. ఈ జన్యువు అంతర్గత రూపంలో ఉన్నప్పుడు ఆ ఎంజైము సరిగా తయారుకాదు, చక్కెర చక్కెరగానే నిలిచిపోతుంది. ఎండిన తరువాత లోపల పిండి లేనందున గింజ ముడుచుకుపోతుంది. ఈ గుణానికి తీపి మక్కలో ఉన్న విలువను 1950 దశకం ఆరంభంలో ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయ జన్యు శాస్త్రవేత్త జాన్ లాఫ్నన్ గుర్తించినారు. అంతకు ముందు సాగులో ఉన్న తీపి మక్కలు ‘షుగరీ’ అనే వేరొక జన్యువు మీద ఆధారపడినవి. 1902లో అమెరికాలో బర్పీ విత్తన సంస్థ విడుదల చేసిన గోల్డెన్ బాంటం ఆ కోవలో ప్రసిద్ధమైనది.

గింజలో మనం తినే అంకురచ్ఛదం మూడు జన్యు వాటాలతో ఏర్పడుతుంది. రెండు తల్లివి, ఒకటి తండ్రిది. పక్క చేనులోని సాధారణ మక్క పుప్పొడి వచ్చి పీచు మీద పడితే, ఆ ఒక్క వాటాలోని బహిర్గత జన్యువు చాలు, ఆ గింజ అప్పటికప్పుడే పిండి గింజ అవుతుంది. తరువాతి తరం వరకు ఆగనవసరం లేదు. జీనియా ప్రభావమంటే ఇదే. వానాకాలంలో గాలి నైరుతి, పడమర దిక్కుల నుంచి వీస్తుంది. మా పొలానికి పడమట నలభై మీటర్ల దూరంలో పొరుగు రైతు మక్క చేను అదే సమయంలో జల్లు వేసి ఉన్నది. విత్తే ముందు ఆ చేను వైపు నేను తల తిప్పి కూడా చూడలేదు. షుగరీ రకాన్నీ ష్రంకెన్ రకాన్నీ పక్కపక్కన వేసినా ఇదే జరుగుతుందనేది చాలామంది విస్తరణాధికారులు మరిచే విషయం. రెండూ తీపి రకాలే అయినా, ఒకదానిలోని లోపాన్ని మరొకదాని పుప్పొడి పూరించి రెండింటిలోనూ పిండి గింజలు వస్తాయి.

కనీసం 250 మీటర్ల దూరం, లేదా పూతకు పూతకు మూడు వారాల ఎడం ఉండాలని మన సిఫారసు. మూడున్నర ఎకరాల కమతానికి 250 మీటర్ల దూరం ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి కాలంతోనే ఎడం పాటించాలి. ఇందుకు మరదలు పట్టిన పద్ధతి సులువైనది. పొరుగు రైతు మక్క విత్తిన తేదీని ఆమె గోడ మీది క్యాలెండరులో గుర్తు పెట్టుకొంటుంది. ధాన్యపు మక్క 55-60 రోజులకు జల్లు వేస్తే, తీపి మక్క దాదాపు పది రోజుల ముందే వేస్తుంది. అంటే పొరుగు చేను విత్తిన పది రోజుల తరువాత వేసిన తీపి మక్క దానితో కలిసి పూతకు వస్తుంది. అందుచేత పొరుగు రైతు విత్తిన తేదీ నుంచి నెల రోజుల వరకు ఆమె విత్తదు. తడి ఉన్నా, విత్తనం ఇంట్లో ఉన్నా విత్తదు.

ఇందులో ఒక చిక్కు మిగిలే ఉన్నది. బాటసారులలో చాలామందికి కాల్చిన బుట్ట కావాలి, నిమ్మచెక్కతో ఉప్పు, కారం రుద్ది ఇవ్వాలి. తీపి మక్క ఉడికించడానికి బాగుంటుంది గాని, నిప్పుల మీద పెడితే గింజలోని నీరు ఆవిరై ముడుచుకుపోతుంది. కాల్చడానికి మామూలు మక్కే మేలు. రెండూ ఒకే పొలంలో పండిస్తే తీపి చెడుతుంది. చివరకు కాల్చే బుట్టలు పండించే ఆలోచన మానుకొని, వాటిని ఆ పొరుగు రైతు వద్దనే కొంటున్నారు. ఆయనకూ పచ్చి బుట్టకు నాలుగు పైసలు ఎక్కువ వస్తున్నవి. తాను ఎప్పుడు విత్తబోతున్నదీ ఇప్పుడు ఆయనే ముందుగా వచ్చి చెబుతున్నాడు.

రెండు గుంటలు ఎందుకు

రెండో సంవత్సరం మరదలు నన్నొక ప్రశ్న అడిగింది. “వారానికి నేను ఎన్ని బుట్టలు అమ్మగల్గుతనో అన్నే పండించాలంటె ఎంత జాగల పెట్టాలె?” ఎకరానికి దిగుబడి ఎంత అని అడిగిన రైతులను వేలమందిని చూసినాను. ఈ ప్రశ్నను మాత్రం నేను మొదటిసారి విన్నాను.

ఆమె లెక్కలో ఆదివారం 350, శనివారం 250, మిగిలిన రోజులలో రోజుకు 60-70 కంకులు పోతాయి. వారానికి సుమారు 925. ఇక పొలం లెక్క చూద్దాం. 60×25 సెంటీమీటర్ల ఎడంలో గుంటకు 667 మొక్కలు. మొక్కకు అమ్మదగిన కంకి ఒకటే, మొలక రానివి, కొస నిండనివి, పురుగు తిన్నవి పోగా నూటికి డెబ్బయి నిలుస్తాయి. అంటే గుంటకు 467. రెండు గుంటలలో 933. వారానికి రెండు గుంటలు చాలు! ఎకరమంటే నలభై గుంటలు. మొదటి సంవత్సరం నేను ఆ కుటుంబం చేత ఇరవై వారాల సరకును ఒకే వారంలో పండించినాను.

రెండు గుంటలంటే ఇరవై మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల మడి. దీనిని పొడవుగా రెండు మూడు సాళ్ళలో కాక, చదరంగా పదహారు సాళ్ళలో వేయాలి. మక్క గాలి ద్వారా పరాగ సంపర్కం జరిగే పంట కనుక, సన్నని పట్టీగా వేస్తే పుప్పొడి గాలికి పక్కకు కొట్టుకుపోయి కంకులలో గింజలు చెదురుతాయి.

మన సిఫారసులన్నీ ఎకరాలలో, హెక్టార్లలో ఉంటాయి. రెండు గుంటల రైతుకు వాటిని ఇరవయ్యో వంతు చేసి చెప్పే బాధ్యత విస్తరణ శాస్త్రవేత్తది. విత్తనం 200 గ్రాములు. ఎకరాకు నత్రజని 80, భాస్వరం 24, పొటాష్ 20 కిలోలు అనుకొంటే ఈ మడికి డీఏపీ 2.6 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 1.7 కిలోలు, యూరియా 7.7 కిలోలు. యూరియాలో 1.9 కిలోలు విత్తేటప్పుడు, మోకాలెత్తు దశలో 2.9, జల్లు తొంగిచూసేటప్పుడు 2.9 కిలోలు వేయాలి. చెల్క నేలకు అట్రజిన్ 50 శాతం పొడి మందు ఎకరాకు 800 గ్రాములయితే ఇక్కడ 40 గ్రాములు, పది లీటర్ల నీటిలో, విత్తిన 48 గంటలలోగా, తడి నేల మీద. ఈ చివరి అంకె చాలా ముఖ్యం. డబ్బా మూతతో అందాజుగా కొలిచి పోసే అలవాటు ఎకరం మీద అంతగా కనిపించకపోవచ్చు. రెండు గుంటల మీద అది రెట్టింపు మోతాదు అవుతుంది, తరువాత అదే మడిలో వేసే పెసర, కూరగాయలు మాడిపోతాయి. మొలిచిన కలుపుకు వాడే టెంబోట్రయోన్ వంటి మందుల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. కొన్ని తీపి మక్క రకాలకు వాటిని విచ్ఛిన్నం చేసుకొనే శక్తి లేదు. విత్తన సంచి మీద స్పష్టత లేకపోతే ముందు ఒక సాలు మీద పిచికారి చేసి వారం రోజులు చూడడం మంచిది. ఇంట్లో నలుగురుంటే రెండు గుంటలలో కలుపు తీయడం ఒక పూట పని. ఆ ఇంట్లో ఇప్పుడు రెండో మందు కొనడం లేదు.

మొలక గురించి ఒక మాట. ముడతల గింజలో నిల్వ ఆహారం తక్కువ. లోతుగా పడితే మొలక పైకి రాదు. రెండు మూడు సెంటీమీటర్ల లోతు మించరాదు. విత్తిన తరువాత నీరు నిలిస్తే గింజ కుళ్ళుతుంది. చెల్క నేలలో వాన కురిసి ఎండ కాస్తే పైపొర బిగుసుకుంటుంది, అటువంటప్పుడు పలుచని తడి ఇచ్చి పొర మెత్తబరచాలి. విత్తనం ధర సాధారణ మక్క విత్తనంతో పోలిస్తే ఎన్నో రెట్లు కనుక ఈ దశలో నష్టపోయిన ప్రతి గింజా లెక్కలోకి వస్తుంది. హైదరాబాదు మొక్కజొన్న పరిశోధన కేంద్రం నుంచి 1990లో మాధురి, 2002లో ప్రియ అనే కాంపోజిట్ రకాలు విడుదలయినవి. వాటి విత్తనాన్ని రైతు తానే తీసుకోవచ్చు. కంకి పరిమాణంలో, ఒకే తీరుగా రావడంలో సంకరాలతో అవి పోటీపడలేకపోవచ్చు, కాని రోడ్డు పక్కన ఉడికించి అమ్మే కుటుంబానికి ఆ ఒకే తీరు ఎంత అవసరమన్నది మనం పరీక్షించవలసిన ప్రశ్న. నా విద్యార్థులలో ఎవరైనా దీనిని సిద్ధాంత వ్యాసానికి ఎంచుకొంటే సంతోషిస్తాను.

ఏడు రోజుల ఎడం ఏడు రోజులుగా ఉండదు

వారానికొక మడి కావాలి కనుక వారానికొకసారి విత్తితే సరిపోతుందని నేను చెప్పినాను. ఇది కూడా సరిపోలేదు. పంట కాలాన్ని రోజులతో కాక ఉష్ణ యూనిట్లతో కొలవాలి. రోజు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటు నుంచి 10 డిగ్రీలు తీసివేస్తే ఆ రోజుకు యూనిట్లు వస్తాయి. గరిష్ఠం 30 దాటితే 30గానే లెక్కించాలి. సెప్టెంబరులో గరిష్ఠం 30, కనిష్ఠం 22 ఉన్న రోజున 16 యూనిట్లు. డిసెంబరులో గరిష్ఠం 30, కనిష్ఠం 14 అయితే 12 యూనిట్లే. సెప్టెంబరులో పది రోజుల ఎడంతో విత్తిన రెండు మడుల మధ్య తేడా 160 యూనిట్లు. కోతకు వచ్చే డిసెంబరులో ఆ 160 యూనిట్లు పోగుపడడానికి పదమూడు రోజులు పడుతుంది. మొదటి మడి అయిపోయి రెండోది అందక మూడు రోజులు పొయ్యి ఆరిపోతుంది. చలిలో విత్తి వేడిలో కోసేటప్పుడు ఇందుకు విరుద్ధం. మడులు ఒకదానిపై ఒకటి వచ్చి పడతాయి.

ఉష్ణ యూనిట్ల పట్టిక గీసి ఇచ్చినాను. మరదలు దానిని భద్రంగా పెట్టెలో పెట్టింది. ఆమె వాడుతున్నది వేరు: ముందటి మడి మూడాకులు వేసినప్పుడు తరువాతి మడి విత్తుతుంది. చలికాలంలో మూడాకులు ఆలస్యంగా వస్తాయి, వేడికాలంలో త్వరగా వస్తాయి, పట్టిక చేసే పనిని మొక్కే చేసి పెడుతుంది. పరదేశాలలో రోడ్డు పక్కన దుకాణాలు పెట్టి తీపి మక్క అమ్మే చిన్న రైతులు కూడా ఇటువంటి ఆకుల లెక్కనే పాటిస్తారని ఆమెకు చెబితే నవ్వింది.

ఇక అమ్మకపు రద్దీ. శ్రీశైలం దారిలో అమ్రాబాద్ అభయారణ్యం గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను అనుమతించరు. అందువలన నగరం నుంచి వచ్చేవారు తెల్లవారుజామున బయలుదేరి మా ఊరి మీదుగా పొద్దున్నే పోతారు, ఆ వేళ మక్క ఎవరూ కొనరు. తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఎనిమిది వరకే వ్యాపారం. కార్తిక మాసంలో రద్దీ రెట్టింపు, శివరాత్రికి అంతకు మించి. శివరాత్రి ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి రెండో వారంలోగా వస్తుంది. చలిలో పంట 85-90 రోజులు తీసుకొంటుంది కనుక నవంబరు చివర, డిసెంబరు ఆరంభంలో విత్తిన మడులు దానికి అందుతాయి. ఆ రెండు వారాలకు మాత్రం రెండు గుంటలు చాలవు, నాలుగు కావాలి. నల్లగొండ వైపు విజయవాడ రహదారి మీద చౌటుప్పల్, నార్కట్‌పల్లి ప్రాంతాల రైతులకు సంక్రాంతి ముందు నాలుగు రోజులు ఇటువంటివే. వారు అక్టోబరు మూడో వారంలో విత్తుకోవాలి.

తెల్లవారుజామున కోత

పీచు వెలువడిన 18 నుంచి 22 రోజులకు కంకి కోతకు వస్తుంది. పీచు గోధుమ రంగుకు తిరిగి ఎండుతుంది, కంకిపై ఆకులు మాత్రం పచ్చగా ఉంటాయి. గోటితో గింజను గిచ్చితే పాలు చిమ్మాలి. నీరు కారితే లేత, పేస్టులా వస్తే ముదురు. ఈ మూడు రోజుల కిటికీ కొరకే మిగిలిన ఎనభై రోజుల శ్రమ.

కోసిన క్షణం నుంచి చక్కెర తగ్గుతూ ఉంటుంది. షుగరీ రకాలలో 30 డిగ్రీల వద్ద ఒక్క రోజులో సుమారు 60 శాతం చక్కెర తరుగుతుంది, 0 డిగ్రీల వద్ద తరిగేది 6 శాతమే. ష్రంకెన్ రకాలు చక్కెర ఎక్కువగా ఉండి, నెమ్మదిగా కోల్పోతాయి కనుకనే అవి మార్కెట్టును ఆక్రమించినవి. కాని వాటికీ శ్వాసక్రియ ఎక్కువే, ఎండలో ట్రాలీ మీద కుప్ప పోస్తే కుప్ప లోపల ఆవిరి పుడుతుంది. కోత తెల్లవారుజామున ఐదు గంటలకు జరగాలి. అప్పుడు కంకి రాత్రి చల్లదనాన్ని తనతో తెచ్చుకొంటుంది. బోరు నీటిలో ముంచితే చల్లబడుతుందని కొందరు చలికాలంలో కూడా ముంచుతున్నారు. మన బోరు నీరు ఏడాదంతా 27 డిగ్రీల దరిదాపున ఉంటుంది. మధ్యాహ్నం కోసిన కంకికి అది చలువ, డిసెంబరు ఉదయం కోసిన కంకికి అది వేడినీటి స్నానం. ఉదయపు కోతకు నీడ, తడి గోనెపట్టా, గాలి ఆడేటట్లు పలుచగా పరచడం చాలు.

పొలం నుంచి పొయ్యికి రెండు వందల గజాల దూరమే ఉండడం మా తమ్మునికి ఉన్న సంపద. అతి శీతల గిడ్డంగి ఉన్న కంపెనీ కూడా ఆ తీపిని అందించలేదు. మార్కెట్టులో నాలుగైదు రూపాయలు పలికిన కంకి రోడ్డు మీద ఇరవై పలుకుతుందని మొదట్లో మేమంతా ఉబ్బిపోయినాము. తరువాత నేను కట్టెలు, నిమ్మకాయలు, మిగిలిపోయిన సరకు, అన్నిటికీ మించి వారానికి ఏడు రోజులు పొయ్యి ముందు కూర్చొనే మనిషికి రోజు కూలి కట్టి లెక్క వేసినాను. లాభం సగానికి పైగా కరిగింది. మరదలికి చూపినాను. “నా కూలి నాకే వచ్చింది గద బావగారూ, మరి ఎవలకు పోయింది?” అన్నది. వ్యవసాయ ఆర్థికశాస్త్ర విభాగంలోని నా సహచరులు దీనికి ఏమి జవాబిస్తారో నాకు తెలియదు గాని, సాగు ఖర్చు లెక్కలలో కుటుంబ శ్రమ పద్దును అప్పటి నుంచి నేను కాస్త నిదానంగా చదువుతున్నాను.

కత్తెర పురుగు, కోతులు

2018 మే నెలలో కర్ణాటకలో తొలిసారి గుర్తించిన కత్తెర పురుగు కొన్ని నెలలలోనే తెలంగాణకు చేరింది. తీపి మక్క దానికి మరీ ఇష్టం. వారానికొక మడి విత్తే పద్ధతిలో ఉన్న అతి పెద్ద బలహీనత ఇదే: పురుగుకు ఏడాది పొడవునా లేత మొవ్వులు సిద్ధంగా ఉంటాయి, పాత మడి నుంచి కొత్త మడికి నడిచి పోతుంది. అందుచేత కోత పూర్తయిన మడిలో చొప్పను ఆ రోజే కోసి పశువులకు వేయాలి, మోళ్ళు దున్నాలి. మొలిచిన పది రోజుల నుంచి ఆకుల అడుగున గుడ్ల సముదాయాలను వెతికి నలపాలి. తొలి దశలో 1500 పీపీఎం వేప మందు లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, తప్పనిసరి అయితే ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 శాతం లీటరుకు 0.4 గ్రాములు మొవ్వు తడిసేటట్లు కొట్టాలి. పీచు వచ్చిన తరువాత మందు కొట్టరాదు. ఇది ధాన్యం కాదు, కోసిన పూటే పిల్లలు కొరికి తినే కంకి. ఆ దశలో పురుగు ఉంటే కంకి కొస కత్తిరించి అమ్మవచ్చు. కొస తెగిన కంకికి ధర తగ్గించి ఇస్తే కొనేవారు కొంటున్నారు, దాచి అమ్మితే మళ్ళీ రారు.

కోతులు, అడవి పందులు, రామచిలుకల విషయంలో నా వద్ద ఇటువంటి మోతాదులేవీ లేవు. గుట్టలకు ఆనుకొన్న చేలలో పాలదశ వచ్చిందంటే రాత్రి పందులు, పగలు కోతులు. రెండు గుంటల మడిని పందుల మంద ఒక్క రాత్రిలో నేలమట్టం చేయగలదు. మంచె మీద కాపలా, మడి చుట్టూ సోలార్ కంచె, పాత చీరలు, డప్పు, అన్నీ కొంత కాలం పనిచేస్తాయి. మడులు చిన్నవి కావడం వలన కంచెను ఒక మడి నుంచి మరొక మడికి మార్చుకోగలుగుతున్నారు, అంతవరకే మేలు. వానాకాలంలో రెండు మడులు కోతులకే పోతాయని తమ్ముడు ముందుగానే లెక్కలో రాసుకొంటాడు.

2020 మార్చి

2020 జనవరిలో విత్తిన మడులు మార్చి చివర కోతకు సిద్ధమవుతున్న రోజులవి. 22వ తేదీ జనతా కర్ఫ్యూ, మరునాటి నుంచి రాష్ట్రంలో, 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. ఎప్పుడూ వాహనాలతో నిండే దారి ఒక్క రోజులో నిశ్శబ్దమయింది. ఆ సమయంలో చేనులో నాలుగు మడులు ఉన్నవి. ఒకటి కోతకు వచ్చింది, ఒకటి పీచు దశలో, రెండు అంతకన్నా చిన్నవి. మొదటి మడిలోని 900 కంకులను ఊరిలో పంచినారు. వడ్లకు, పప్పుకు బదులు ఇచ్చినవారు ఇచ్చినారు, ఊరకే తీసుకొన్నవారు తీసుకొన్నారు. రెండో మడిని కంకితో సహా బర్రెలకు వేసినారు. మిగిలిన రెండింటికి నీరు ఆపి, ఆ తడిని టమాటకు మళ్ళించినారు. ఆ వారమే విత్తవలసిన మడిని విత్తలేదు.

మొత్తం మీద నష్టపోయినది ఎనిమిది గుంటల పంట. నా తొలి సలహా ప్రకారం ఎకరమంతా వేసి ఉంటే నలభై గుంటలు పోయేవి, దానితోపాటు విత్తనం కొరకు తెచ్చిన అప్పు మిగిలేది. ఫోనులో తమ్ముడు చెప్పిన మాట ఒకటే: “పోయింది తక్కువనే అన్నా. బర్రెలు మాత్రం పాలు మంచిగిస్తున్నయి.”

అతని మాట నిజమే. కంకి కోసిన తరువాత మిగిలే పచ్చి చొప్ప ఈ సేద్యంలో రెండో పంట. ధాన్యపు మక్క చొప్ప ఎండి బిరుసెక్కిన తరువాత చేతికి వస్తుంది. తీపి మక్క చొప్ప పచ్చగా, రసంతో ఉన్నప్పుడే వస్తుంది. లేత జొన్నలో ఉండే సైనైడు విషం భయం కూడా ఇందులో లేదు. వారానికి రెండు గుంటల చొప్ప రెండు బర్రెలకు మూడు నాలుగు రోజుల మేత. వేసవిలో పచ్చిమేత దొరకని నల్లగొండ, పాలమూరు మెట్టలో ఈ మేత విలువను ఏ ఖర్చుల పట్టికలోనూ నేను సరిగా చూడలేదు. ఇప్పుడు వారింట్లో రోజువారీ ఖర్చు పాల డబ్బుతో, పిల్లల చదువు కంకుల డబ్బుతో నడుస్తున్నది. పత్తి ఒక ఎకరానికి తగ్గింది.

గత నెల నేను వెళ్ళినప్పుడు క్యాలెండరులో శివరాత్రి నుంచి వెనక్కి లెక్కపెట్టిన గుర్తులు కనిపించినవి. నవంబరు చివరి వారంలో ఒక తేదీ చుట్టూ పెన్నుతో రెండుసార్లు సున్న చుట్టి ఉన్నది. ఆ పక్కనే చిన్న అక్షరాలలో “4 గుంటలు” అని, దాని కింద “పడమటి చేను అడగాలె” అని రాసి ఉన్నది.